దింపుకున్నదల్లా ఎక్కించవద్దు!

కె.గంగవరం: పామర్రు సెంటరులో నిలబడినా, కోటిపల్లి రేవుకు పోయే దారిలో చూసినా ఒక జిరాక్సు బల్ల, దాని పక్కనే ఒక కంప్యూటరు కనిపిస్తాయి. అడంగలు కాపీ కావలసిన రైతు, హాల్ టిక్కెట్టు కావలసిన విద్యార్థి, పింఛను కాగితం పట్టుకున్న ముసలమ్మ, అందరూ ఆ బల్ల దగ్గరకే రావాలి. ఆ కంప్యూటరు ఒక పూట మొరాయించిందంటే నష్టం షాపు యజమాని ఒక్కడికే కాదు, ఊరందరికీ. కనుక కంప్యూటరులో ఏమి ఎక్కించాలి, ఎక్కడ నుంచి తెచ్చి ఎక్కించాలి అన్నది పట్నంలో ఇంజనీర్లు మాట్లాడుకునే విషయమని మనం ఊరుకోవడానికి వీలు లేదు.

ఈ ప్రశ్న ఇప్పుడే రావడానికి కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్టు కంపెనీ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని తర్వాతిదైన విండోస్ 11 పాతబడిన యంత్రాలను ఒప్పుకోదు. టీపీఎం 2.0 అనే రక్షణ ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసరు ఉంటే తప్ప ఎక్కనంటుంది. బాగానే పనిచేస్తున్న కంప్యూటరును మూలన పడేసి, వేలకు వేలు పోసి కొత్తది కొనే స్తోమతు మన పల్లెల్లో ఎందరికి ఉంది? అందుకే చదువుకున్న కుర్రాళ్లు కొందరు పాత కంప్యూటర్లలో లినక్సు ఎక్కిస్తున్నారు. ఇది మెచ్చుకోదగిన పనే.

లినక్సు అంటే ఏమిటో తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. విండోస్ మాదిరిగానే ఇదీ కంప్యూటరును నడిపించే మూల సాఫ్టువేరు. 1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దీని గుండెకాయను రాయడం మొదలుపెట్టాడు. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ అనే కార్యక్రమం దీనికి మిగిలిన అంగాలను సమకూర్చింది. దీని లోపలి రాత తెరిచిన పుస్తకం. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పదిమందికీ పంచవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు, దొంగ కాపీ అన్న మాట పడనక్కరలేదు. 1993లో డెబియన్, దాని ఆధారంగా 2004లో ఉబుంటు, ఉబుంటు ఆధారంగా 2006లో మింట్ వచ్చాయి. మన వైపు కొత్తవారికి ఎక్కువగా చెవిన పడే పేర్లు చివరి రెండే.

అలవాటే అడ్డంకి

లినక్సు ఎక్కించడం వరకు చిక్కు లేదు. అరగంటో గంటో పని. చిక్కంతా మర్నాటి నుంచి మొదలవుతుంది. ఏదో ఒక సాఫ్టువేరు కావలసి వస్తుంది. కొత్తవాడు పాత అలవాటు కొద్దీ ఇంటర్నెట్టులో వెదుకుతాడు. ముందు ఏది కనబడితే దాన్ని దింపుకుంటాడు. రెండుసార్లు నొక్కుతాడు. అది తెరుచుకోదు. అక్కడి నుంచి కష్టాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

మా ఎరుకలో ఒక కుర్రాడున్నాడు. జిరాక్సు షాపు పెట్టుకుని తల్లిని పోషించుకుంటున్నాడు. పాత కంప్యూటరులో తనే లినక్సు వేసుకుని మురిసిపోయాడు. తీరా చూస్తే ప్రింటరు పనిచేయలేదు. ప్రింటరు కోసం ఒక ఫైలు దింపాడు. అది విండోస్‌కు తయారైన ఫైలు, లినక్సులో నడవదు. రెండోది దింపాడు. అది లినక్సుదే గాని వేరే కుటుంబానికి చెందినది. డెబియన్, ఉబుంటు, మింట్ ఒక కుటుంబం, వాటి మూటల పేరు చివర డెబ్ అని ఉంటుంది. ఫెడోరా, రెడ్ హ్యాట్ ఇంకో కుటుంబం, వాటికి ఆర్‌పీఎం అని ఉంటుంది. ఒకరి చెప్పు ఇంకొకరి కాలికి పట్టనట్టే ఇవీ పట్టవు. మూడోసారి ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన నాలుగు వరుసల ఆజ్ఞలు కనిపిస్తే, అర్థం తెలుసుకోకుండానే వాటిని నకలు చేసి నల్లతెర మీద అంటించాడు. పాస్‌వర్డు అడిగితే ఇచ్చాడు. సరేనా అంటే సరే అన్నాడు. ఆ ఆజ్ఞలు అతని దగ్గర ఉన్న లినక్సుకు ఉద్దేశించినవి కావు, వేరే సంచికకు ఉద్దేశించినవి. మర్నాడు పొద్దున్న కంప్యూటరు తెరిస్తే రంగుల బొమ్మలు లేవు, నల్లతెర మీద తెల్ల అక్షరాలు మిగిలాయి.

పెళ్లిళ్ల రోజులు. శుభలేఖల నమూనాలు అందులోనే ఉన్నాయి. వారం రోజుల రాబడి పోయింది, పదిమందితో మాట పడ్డాడు. చివరికి ఎవరో తెచ్చిన దొంగ విండోస్ వేయించుకుని, లినక్సు మనలాంటి వాళ్లకు పనికిరాదని తీర్మానించుకున్నాడు. అసలు విషాదం ఏమిటంటే అతని ప్రింటరుకు కావలసినది అతని కంప్యూటరులోని సాఫ్టువేరు దుకాణంలోనే ఉంది. అటు చూడమని చెప్పినవాడు లేడు.

ఇది పల్లెటూరి కుర్రాడి తెలివితక్కువ అని నవ్వేవారుంటే వారికి ఒక సంగతి చెప్పాలి. కెనడాలో లైనస్ సెబాస్టియన్ అనే పేరున్న కంప్యూటరు వీడియోల వ్యాఖ్యాత ఉన్నాడు. ఆయన 2021 నవంబరులో, నెల రోజులు లినక్సు వాడి చూస్తానని పందెం వేసుకుని పాప్ ఓఎస్ అనే లినక్సు వేసుకున్నాడు. స్టీమ్ అనే ఆటల సాఫ్టువేరు కావాలనుకున్నాడు. దుకాణంలో నొక్కితే ఎక్కలేదు. ఆ మూటలో అప్పటికి ఒక లోపం ఉంది. అక్కడ ఆగితే సరిపోయేది. ఆయన నల్లతెర తెరిచి బలవంతాన ఎక్కించబోయాడు. ఫలానా ముఖ్యమైన భాగాలు తొలగిపోతాయి, హానికరం కావచ్చు అని తెర హెచ్చరించింది. అయినా సరే, చెప్పినట్టు చెయ్యి అని అది అడిగిన వాక్యాన్ని పూర్తిగా కొట్టి ఇచ్చాడు. రంగుల తెర మొత్తం ఊడిపోయింది. కంప్యూటర్లతోనే పుట్టి పెరిగినవాడు కూడా చదవకుండా సరే అంటే అంతే సంగతులు. తప్పు తెలివిది కాదు, అలవాటుది.

విత్తనానికి ట్యాగు, సాఫ్టువేరుకు ముద్ర

ఈ సంగతి రైతుకు చెబితే వెంటనే అర్థమవుతుంది. మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ రకాన్ని మన డెల్టా రైతు ఏ రోజూ దారిన పోయేవాడి గోతాం నుంచి కొని నారుమడిలో చల్లలేదు. సంచికి నీలి ట్యాగు ఉందా, దాని మీద లాటు నంబరు ఉందా, మొలక శాతం ఎంత, పరీక్ష చేసిన తేదీ ఏది అని చూసుకున్నాకే డబ్బు ఇచ్చాడు. చూసుకోకుండా చవకగా వచ్చిందని చల్లినవాడికి వెన్ను తీసే వేళకు గాని కల్తీ సంగతి తెలియలేదు. అప్పుడు నెత్తీ నోరూ కొట్టుకున్నా పంటకాలం వెనక్కి రాదు.

లినక్సులో సాఫ్టువేరు దుకాణం అనేది సరిగ్గా ఆ ధ్రువీకరించిన విత్తనాల కేంద్రం వంటిది. ఉబుంటు గాని, మింట్ గాని, డెబియన్ గాని తమ కోసం వేల కొద్దీ సాఫ్టువేర్లను ఒక చోట కూర్చి ఉంచుతాయి. ఒక్కొక్క మూటకు ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్కలన్నీ ఉన్న పట్టికకు డిజిటల్ ముద్ర ఉంటుంది. మీ కంప్యూటరు మూటను దింపగానే ఆ ముద్రను, ఆ లెక్కను తానే సరిచూసుకుంటుంది. దారిలో ఎవరైనా ఒక అక్షరం మార్చినా తిప్పి కొడుతుంది.

దుకాణం వల్ల ఇంకో రెండు లాభాలున్నాయి. ఒక సాఫ్టువేరు నడవాలంటే దానికి తోడుగా మరికొన్ని మూటలు కావలసి ఉంటాయి. బయటి నుంచి ఒక ఫైలు తెచ్చుకుంటే ఆ తోడు మూటల కోసం మళ్లీ ఊరంతా తిరగాలి. దుకాణమైతే అవన్నీ ఏమిటో తానే కనుక్కుని తానే తెస్తుంది. రెండోది, లోపం బయటపడినప్పుడు సవరించిన మూట అప్‌డేటుతో పాటు మీ ఇంటికే వస్తుంది. బయటి నుంచి తెచ్చి ఎక్కించినదాన్ని గురించి చాలాసార్లు పట్టించుకునే నాథుడుండడు. అది ఏళ్ల తరబడి పాత లోపాలతో అలాగే పడి ఉంటుంది.

అయితే దుకాణాన్ని కూడా గుడ్డిగా నమ్మమని మేము అనడం లేదు. 2018 మేలో ఉబుంటు వారి స్నాప్ దుకాణంలోనే ఒక ఆట మాటున, వాడేవారి కరెంటును, యంత్రాన్ని వాడుకుని తయారుచేసినవాడికి డిజిటల్ సొమ్ము సంపాదించిపెట్టే దొంగ పని బయటపడింది. దాన్ని వెంటనే తొలగించారు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్టువేరులో ఎవరో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసి దాన్ని పట్టుకున్నాడు. లోపలి రాత తెరిచి ఉండబట్టే ఆయన తవ్వి చూడగలిగాడు. మామూలు జనం వాడే స్థిరమైన సంచికల్లోకి చేరకముందే దానికి అడ్డుకట్ట పడింది. విత్తన కేంద్రంలోనూ ఒక్కోసారి పుచ్చు గింజ దొరకవచ్చు. అంత మాత్రాన గోతాం విత్తనమే మేలని ఏ రైతూ అనడు.

కొత్తవారికి అయిదు జాగ్రత్తలు

మొదటిది: ఏది కావాలన్నా ముందు కంప్యూటరులోని దుకాణంలో వెదకాలి. ఇంటర్నెట్టులో కాదు. మొదటి పాఠంగా తెలుగు ఫాంట్ల మూటను ఎక్కించుకుని చూడండి. దేశికాచారి గారు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్, ఉబుంటు దుకాణాల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. ఫాంట్లు తప్పుగా ఎక్కినా కంప్యూటరుకు ప్రమాదం ఉండదు. ఎక్కించడం, తీసివేయడం చేతికి అలవాటవుతుంది. ప్రింటరు విషయంలోనైతే దాన్ని తగిలించి ముందు సెట్టింగుల్లో ప్రింటర్ల భాగం చూడాలి. చాలా ప్రింటర్లు ఏ ఫైలూ దింపకుండానే అక్కడ వాటంతట అవే పలుకుతాయి.

రెండోది: దుకాణంలో లేకపోతేనే బయటకు పోవాలి. పోయినా తయారుచేసినవారి సొంత చోటుకే పోవాలి. మధ్యవర్తుల దగ్గరకు కాదు. డెబ్ మూట కావాలా, ఆర్‌పీఎం మూట కావాలా, తన యంత్రం 64 బిట్లదా 32 బిట్లదా, తన లినక్సు సంచిక ఏది అన్నవి ఒక కాగితం మీద రాసి కంప్యూటరుకు అంటించుకుంటే సగం పొరపాట్లు జరగవు. ఉబుంటు 2017 నుంచే 32 బిట్ల యంత్రాలకు కొత్త డెస్క్‌టాప్ సంచికలు ఇవ్వడం మానింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా అదే దారి పట్టింది. మరీ పాత యంత్రం ఉన్నవారు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

మూడోది: పెద్ద ఫైలు దింపితే దాని లెక్క సరిచూడాలి. తయారుచేసినవారు ఫైలుతో పాటు 64 అక్షరాలు, అంకెలు కలిసిన ఒక సంఖ్యను ప్రకటిస్తారు. మీ దగ్గరున్న ఫైలుకు కట్టిన సంఖ్యా అదే కావాలి. ఒక్క అంకె తేడా వచ్చినా ఆ ఫైలు పారేయాలి. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరి 20న దుండగులు మింట్ వారి వెబ్‌సైటులోకే చొరబడి, దింపుకునే లంకెను దొంగదారి పెట్టిన ఫైలు వైపు తిప్పేశారు. సంగతి తెలియగానే మింట్ వారు సరైన సంఖ్యలు ప్రకటించి, ఆ రోజు దింపుకున్నవారందరినీ సరిచూసుకోమన్నారు. అసలు యజమాని ఇంటికే కన్నం పడిన రోజున కొన్నవాడికి ఆధారం ఆ సంఖ్యే.

నాలుగోది: నల్లతెర మీద అర్థం కాని ఆజ్ఞ అంటించవద్దు. ముఖ్యంగా సుడో అనే మాటతో మొదలయ్యే ఆజ్ఞ అంటే ఇంటి బీరువా తాళంచెవి ఇచ్చినట్టు. ఆ ఆజ్ఞకు కంప్యూటరు మీద సర్వాధికారాలూ వస్తాయి. పాస్‌వర్డు కొడుతుంటే కొన్ని లినక్సులలో తెర మీద చుక్కలు కూడా కనబడవు. కొత్తవారు కీబోర్డు పాడయిందని కంగారు పడుతుంటారు. అది పాడవడం కాదు, పక్కవాడు అక్షరాలు లెక్కపెట్టకుండా చేసిన ఏర్పాటు. కొట్టి ఎంటరు నొక్కితే సరిపోతుంది. ఆ తర్వాత ఏవి కొత్తగా వస్తాయో, ఏవి తొలగిపోతాయో తెర చెబుతుంది. తొలగిపోయేవాటి జాబితా పొడుగ్గా ఉంటే కాదు అని వెనక్కి రావాలి. కాదనడానికి సిగ్గు పడనక్కరలేదు.

అయిదోది: కొత్తది ఎక్కించే ముందు పాతది దాచుకోవాలి. మింట్‌లో టైంషిఫ్ట్ అనే సాధనం ఉంది. కంప్యూటరు బాగున్న రోజు స్థితిని అది దాచిపెడుతుంది, చెడిన రోజున ఆ స్థితికి తీసుకువస్తుంది. అయితే అది దాచేది సిస్టం ఫైళ్లనే. మీ శుభలేఖలు, దరఖాస్తులు, ఫొటోలు మామూలుగా అందులో చేరవు. వాటిని వేరే పెన్ డ్రైవులోనో, హార్డ్ డిస్కులోనో విడిగా ఉంచుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ఇంకో నిజం కూడా దాచకుండా చెప్పాలి. అన్ని పనులూ లినక్సులో జరగవు. వేలిముద్ర యంత్రాలు, కొన్ని ఖాతాల సాఫ్టువేర్లు, పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు విండోస్‌ను నమ్ముకునే ఉన్నాయి. మీ షాపు వాటి మీదే నడుస్తుంటే, ఆ పరికరం లినక్సులో పలుకుతుందో లేదో తేల్చుకున్నాకే మారాలి. ఎవరో మారారని మారితే నష్టపోయేది మీరే.

బాధ్యత ఎవరిది?

ఈ అయిదు మాటలు చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు. మరి ఆ కుర్రాడికి ఎవరూ ఎందుకు చెప్పలేదు? తెలుగులో చెప్పేవారు అందుబాటులో లేకపోవడమే కారణం. తెలుగులో పని జరగలేదని కాదు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ 2005లోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టం విడుదల చేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో డెబియన్ ఆధారంగా బాస్ లినక్సు తెచ్చింది, అందులో తెలుగుకూ చోటిచ్చింది. ఇంత జరిగినా ఆ ఫలం కాలువ చివరి పొలానికి నీరు అందనట్టు మన ఊళ్ల దాకా చేరలేదు.

కేరళను చూడండి. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమం ప్రారంభించారు. బడి పిల్లలు లినక్సు మీదే కంప్యూటరు పాఠాలు నేర్చుకుంటున్నారు. 2019లో రెండు లక్షలకు పైగా బడి కంప్యూటర్లలో కొత్త సంచిక వేస్తున్నామని, దానివల్ల 3,000 కోట్ల రూపాయలు ఆదా అవుతుందని ఆ సంస్థ ప్రకటించింది. డబ్బు సంగతి అలా ఉంచండి. ఉపాధ్యాయులకు ముందు శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకాలు మాతృభాషలో రాశారు. పిల్లవాడికి బడిలోనే తెలిసిపోతుంది, సాఫ్టువేరు ఎక్కడ నుంచి తీసుకోవాలో.

మన మండలానికి మేము కోట్లు అడగడం లేదు. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయాల్లో నోటీసు బోర్డులున్నాయి. హైస్కూళ్లలో కంప్యూటర్లున్నాయి. పైన చెప్పిన అయిదు జాగ్రత్తలను తెలుగులో ఒక్క పేజీ మీద అచ్చు వేసి ఆ బోర్డుల మీద అంటించవచ్చు. హైస్కూలులో నెలకొక శనివారం సాయంత్రం షాపుల కుర్రాళ్లను పిలిచి, ఒక పాత యంత్రం మీద ఎక్కించి తీసివేసి చూపించవచ్చు. ఇప్పటికే లినక్సు చేతనైన ఇంజనీరింగు విద్యార్థులు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట కూర్చుని చెప్పవచ్చు. దీనికి కావలసినది నిధులు కాదు, మనసు. అధికారులు, ఉపాధ్యాయులు ఈ విషయం ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఉచితంగా వచ్చింది గదా అని లినక్సును, దొరికింది గదా అని ప్రతి ఫైలును తెచ్చి పడేసుకుంటే, చివరకు చెడ్డపేరు లినక్సుకు, నష్టం మన కుర్రాడికి. దింపుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. ఎక్కించే ముందు ఒక్క నిమిషం ఆగి సంచి ట్యాగు చూసుకోవడమే నేర్చుకోవలసిన విద్య. నారుమడి దగ్గర మన తాతలకు ఉన్న ఆ జాగ్రత్త కంప్యూటరు దగ్గర మన మనుమలకు ఉంటే చాలు.